సముద్రం అడుగునుంచి మాట్లాడుకున్న అన్నదమ్ములు

రదామెస్ తన తమ్ముడు పెర్సియోతో ఏళ్ళ తరబడి సముద్రం అడుగునుంచే మాట్లాడాడు. ఇద్దరి ఇళ్ళకీ మధ్య ఉన్నవల్లా రెండు వీధులు, ఒక రొట్టెల దుకాణం, ఒక కుంటి కుక్క. అయినా మాట మాత్రం సమనా అఖాతం కిందుగా, సొరచేపల పొట్టల కిందుగా వెళ్ళి వచ్చేది.

సిస్టర్ల బడిలో చదివినవాడెవడూ అబద్ధాన్ని చివరిదాకా లాగలేడు. మధ్యలో, శిక్షగా నాలుక మీద వేసిన మిరియాల పొడి గుర్తుకొస్తుంది. కాబట్టి సగం వెనక్కి తీసుకోక తప్పదు. సొరచేపల్ని ఎవరూ చూడలేదు. మునిగింది అన్నదమ్ములు కాదు, వాళ్ళ రాతలు. రదామెస్ మా సాంచెస్ ఊళ్ళో కూర్చుని తన బ్లాగులో ఏదో రాసేవాడు. ఆ రాత సముద్రం అడుగున పరిచిన తీగలోంచి ఏ చలిదేశపు కంప్యూటరుకో పోయి, మళ్ళీ అదే దారిన తిరిగొచ్చి, రొట్టెల దుకాణం అవతల పెర్సియో ఫోనులో తేలేది. పెర్సియో దాని కింద ఒక వెక్కిరింత రాసేవాడు. అదీ అలాగే మునిగి తేలేది. ఆ సగం నిజం.

రదామెస్ ఉద్యోగం మునిసిపాలిటీ నీళ్ళ ఆఫీసులో, కిటికీ వెనక కుర్చీలో. కుళాయిల్లో నీళ్ళు రావు కాబట్టి పని తక్కువ, తిట్లు ఎక్కువ. మధ్యాహ్నం ఇంటికెళ్ళి అరటికాయ ముద్ద తిని పెరట్లో రేకుల షెడ్డులోకి దూరేవాడు. అక్కడ పాత ఫ్రిజ్‌లు, బట్టలుతికే మిషన్లు, నోరు తెరుచుకున్న టీవీలు ఉండేవి. బట్టల మిషను మోటారుతో ఫ్యాను చేశాడు. అది తిరిగింది కానీ గాలితో పాటు నడుస్తూ గుమ్మందాకా వచ్చేసింది. సైకిలు తొక్కి ఫోను చార్జి చేశాడు. అవన్నీ ఫొటోలు తీసి బ్లాగులో పెట్టేవాడు. బ్లాగు పేరు 'విప్పి చూద్దాం'. చెడిపోయినవీ దాచేవాడు కాదు. "ఈసారి పొగ వచ్చింది. నీలం రంగు" అని నిజాయితీగా రాసేవాడు. అతన్ని చదివేవాళ్ళు హోండురాస్‌లో ఒక బడిపంతులు, ఈక్వడార్‌లో ఒక గడియారాలు బాగుచేసే ఆయన, మరి కొందరు.

ఊళ్ళో మాత్రం ఆ పేరుకి అంత గౌరవం లేదు. విప్పడమే కానీ మూయడం రాదని అందరూ అనేవారు. వీధి మూలకొట్టు నడిపే చాగో అయితే డామినో బిళ్ళలు కలుపుతూ, నీ షెడ్డుకి టీవీ పంపడమూ శవపేటికలో పెట్టడమూ ఒకటేననేవాడు. రదామెస్ నవ్వేసేవాడు. అలాంటి మాటే తమ్ముడు అన్నప్పుడు మాత్రం నవ్వలేకపోయాడు.

అది వాళ్ళమ్మ ఎర్సిలియా పోయిన తొమ్మిదో రోజు. ఆవిడ రోజూ పొద్దున్నే రేడియోలో వచ్చే జపమాలతో గొంతు కలిపేది. ఆ రేడియో గరగరలాడుతోందని రదామెస్ విప్పాడు. ఇంకా బాగా వినిపించేలా చేద్దామనుకున్నాడు. ఒక భాగం దొరకలేదు, రేపు మాపు అంటుండగా ఆవిడే వెళ్ళిపోయింది. తొమ్మిది రోజుల ప్రార్థనల్లో ఆఖరిది ముగిసి, చుట్టాలకి కాఫీ పోస్తుంటే పెర్సియో అందరి ముందూ అన్నాడు. "అమ్మ చెవిన చివర్న పడ్డదేంటో తెలుసా? జపమాల కాదు. నీ స్క్రూలు నేలమీద దొర్లిన చప్పుడు."

"ఆ చప్పుడు వినడానికైనా నువ్వు ఊళ్ళో ఉన్నావా?" అన్నాడు రదామెస్. పెర్సియో అప్పుడు రొయ్యల పడవ మీద ఉన్నాడు. అమ్మకి రోగం ముదిరిందని కబురందినా, ఇంకో వల వేసి వద్దామనుకున్నాడు.

రెండూ నిజాలే. అబద్ధాలైతే ఎప్పుడో ఒకప్పుడు క్షమించుకునేవాళ్ళు.

మా వైపు మాటల్లేని మనుషులు కూడా ఒకే బల్ల దగ్గర కూర్చుని తింటారు. మధ్యలో ఒక మనిషి ఉంటే చాలు. 'ఆయన్ని ఉప్పు అందించమని చెప్పు' అంటే, ఉప్పు వస్తుంది. ఈ అన్నదమ్ములకి ఆ మనిషి కూడా దొరకలేదు. పెర్సియో భార్య డిగ్నా, మీ ఇద్దరి మధ్యా చిలకలా కూర్చోవడం నావల్ల కాదని తెగేసి చెప్పింది. అలా కొన్నేళ్ళు గడిచాయి. తర్వాత ఒకరోజు, నడిచే ఫ్యాను ఫొటో కింద ఒక కామెంటు వచ్చింది. "ఎడమచేత్తో బిగిస్తే మర వంకరగానే దిగుతుంది, ఇంజినీరు గారూ." రాసినవాడి పేరు ముసలి రొయ్య.

ఫొటోలో ఫ్యాను తప్ప చెయ్యి లేదు. రదామెస్‌ది ఎడమచేతివాటమని తెలిసింది ఆ చేతిని బల్లకి కట్టేసి కుడిచేత్తో రాయించిన సిస్టర్లకి, పక్క బెంచీలోంచి చూసి నవ్విన తమ్ముడికి. సిస్టర్లు ఎప్పుడో దేవుడి దగ్గరికి వెళ్ళిపోయారు.  రదామెస్, రొయ్యకి తలకాయలో ఉండేది పెంటేనని మా ఊళ్ళో పిల్లలకి కూడా తెలుసు అని జవాబు రాశాడు.

ఇక అక్కణ్ణించి సాగింది. ఒకడు ఇంజినీరు గారు, ఇంకొకడు రొయ్య గారు. ఎవరూ పేరెత్తలేదు, ఎవరూ అమ్మ మాట ఎత్తలేదు. పెర్సియో వేటకి వెళితే రదామెస్ కొత్తది ఏదీ పెట్టేవాడు కాదు. పడవ తిరిగొచ్చాకే పెట్టేవాడు. పెట్టినదాంట్లో కావాలనే ఒక తప్పు వదిలేవాడు. దాన్ని రొయ్య పట్టుకుని చీల్చి చెండాడేవాడు. రదామెస్ ఆరోజు అన్నం రెండోసారి వడ్డించుకునేవాడు.

ఊరంతటికీ తెలుసు. డిగ్నా మూలకొట్టుకి వచ్చి, కొబ్బరికాయ తీసుకుంటూ ఎవరితోనూ కాకుండా, మా ఇంటి రొయ్యకి దగ్గు తగ్గలేదు అనేది. రదామెస్ తన డామినో బిళ్ళల్లోకి తల దించేవాడు. ఆ దఫా ఆట ఓడిపోయేవాడు.

దగ్గు తగ్గలేదు. పడవ ఇంజిను గదిలో పీల్చిన డీజిలు పొగ, దానికి తోడు చుట్టలు. ఊపిరితిత్తులు అరిగిపోయాయన్నారు. పెర్సియో పడవ మానేశాడు. కామెంట్లు పొట్టివయ్యాయి. వెక్కిరింత సగంలో ఆగిపోయేది, అక్కడ మనిషి ఆయాసపడి కూర్చున్నట్టు. ఒకరోజు వెక్కిరింత అసలు లేదు.

"ఇంజినీరు గారికి ఒక ప్రశ్న. గాలి తయారుచేసే మిషను ఒకటుంది. కరెంటున్నప్పుడు పిల్లిలా గుర్రుమంటుంది. ఇన్వర్టర్ మీద పెడితే మూలుగుతుంది, కాలుతుంది, కీచుమంటుంది. ఏం చెయ్యాలి? నాకు కాదు, తెలిసినవాళ్ళు అడిగారు."

మిషను వెనక ఏం రాసుందో చెప్పమన్నాడు రదామెస్. రొయ్య అక్షరం పొల్లుపోకుండా రాశాడు. వెతికితే బొమ్మ వచ్చింది. ముక్కులో గొట్టాలు పెట్టుకున్న ఒక పెద్దాయన, గొట్టాలున్నవాడెవడూ నవ్వనంత హాయిగా నవ్వుతున్నాడు. రదామెస్ షెడ్డులోంచి లేచి వీధి గుమ్మందాకా వచ్చాడు. రొట్టెల దుకాణం కనబడుతోంది. దాన్ని దాటితే చాలు. గుమ్మంలో కాసేపు నిలబడి, వెనక్కి వెళ్ళి బ్లాగు రాయడానికి కూర్చున్నాడు.

అంత శ్రద్ధగా ఎప్పుడూ రాయలేదు. చవక ఇన్వర్టర్ ఇచ్చే కరెంటు మెట్లుమెట్లుగా వస్తుందనీ, సున్నితమైన మోటారు ఆ మెట్లమీద ముసలివాడిలా తడబడుతుందనీ రాశాడు. ఆఫీసుల్లో పారేసే పెద్ద యూపీఎస్‌లలో కొన్నిటి కరెంటు నునుపుగా ఉంటుందనీ, దానికి లారీ బ్యాటరీలు ఎలా తగిలించాలో, వేడెక్కకుండా ఫ్యాను ఎక్కడ పెట్టాలో రాశాడు. ప్రతి తీగకీ బొమ్మ గీసి పెట్టాడు. ఈసారి తప్పు వదల్లేదు.

కామెంటు వచ్చింది. "మొదటిసారి తప్పు దొరకలేదు. భయంగా ఉంది."

రెండు రోజుల తర్వాత డిగ్నా నీళ్ళ ఆఫీసు కిటికీ దగ్గర నిలబడింది. రదామెస్ అలవాటుకొద్దీ, నీళ్ళు సాయంత్రం వదులుతారని చెప్పాడు.

"నీళ్ళకి రాలేదు బావగారూ. మీ రాత చూసి తీగలు కలపబోయి రెండు వేళ్ళు కాల్చుకున్నాడు. చేతులు వణుకుతున్నాయి ఆయనకి. రాత బాగుంది, అందరూ మెచ్చుకుంటారు. కానీ రాత వచ్చి తీగలు కలపదు కదా."

"వాడు రమ్మన్నాడా?"

"చచ్చినా అనడు. మీరు వస్తానన్నారా? చచ్చినా అనరు. ఇక ఎవరు చస్తారన్నది ఒక్కటే తేలాలి."

ఆఫీసు మూలన దుమ్ముకొట్టుకుపోయిన యూపీఎస్ ఒకటుంది. పైవాళ్ళని అడిగి దాన్ని ఇంటికి మోయించుకున్నాడు. విప్పేముందు అతని చెయ్యి ఆగింది. తన షెడ్డులో విప్పినవన్నీ విప్పినట్టే పడున్నాయి. దీన్ని మూయాలి. ఆఫీసుకి సెలవు పెట్టి, చాగో డామినోకి పిలిస్తే పలక్కుండా, కూర్చుని మూశాడు. చివర్న చేతిలో ఒక్క స్క్రూ కూడా మిగల్లేదని తనే నమ్మలేక నేలంతా వెతికాడు. బాడుగ మోటారుసైకిలు మీద యూపీఎస్ ఒళ్ళో పెట్టుకుని, బ్యాటరీలు వెనక ఇంకో బండి మీద కట్టించి, రొట్టెల దుకాణం దాటాడు.

పెర్సియో మంచంమీద దిండ్లకి ఆనుకుని ఉన్నాడు. పడవ తాళ్ళు లాగిన భుజాలు చొక్కాలో ఎక్కడో తప్పిపోయాయి. అన్నని చూసి, గోడవైపు చూసి, భార్యతో అన్నాడు. "డిగ్నా, ఇంజినీరు గారు కాఫీ తాగుతారేమో అడుగు."

"తాగుతానని చెప్పమ్మా. రెండు చెంచాల చక్కెర."

"ఎప్పుడూ మూడే వేసుకుంటాడు. అబద్ధమాడుతున్నాడని చెప్పు."

డిగ్నా ఇద్దరినీ చూసింది. "నేను మనిషినా, మీ బ్లాగునా?" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మధ్య మనిషి పోయేసరికి గదిలో మాట కూడా పోయింది. రదామెస్ వంగి తీగలు కలిపాడు. కరెంటు లేదు. మీట నొక్కాడు. మిషను మూలగలేదు, కీచుమనలేదు. పిల్లిలా గుర్రుమంది. పెర్సియో ముక్కులో గొట్టాలు సరిచేసుకుని, దిండు కిందనుంచి ఫోను తీసి ఒక్కో అక్షరమే నొక్కాడు. రదామెస్ జేబులో ఫోను మోగింది. "టంకం చూశాను. కోడి రెట్ట వేసినట్టుంది."

రదామెస్ కుర్చీ మంచం పక్కకి లాక్కుని కూర్చుని రాశాడు. "ఆ కోడి రెట్టే నీ ఊపిరిని నిలబెడుతోంది, రొయ్య గారూ."

మోకాలికి మోకాలు తగిలేంత దగ్గర్లో కూర్చుని, మాటని చలిదేశందాకా పంపి తెప్పించుకున్నారు. డిగ్నా కాఫీ తెచ్చి, గుమ్మంలో ఆగి, చప్పుడు చెయ్యకుండా వెనక్కి తిరిగింది.

అప్పట్నుంచి రోజూ మధ్యాహ్నం వచ్చేవాడు. కరెంటు పోయేది మధ్యాహ్నమే, కాబట్టి రావడానికి సాకు ఉండేది. పెర్సియో రోజురోజుకీ తగ్గిపోతున్నాడు. వేళ్ళు అక్షరాలమీద నిలవడం లేదు. ఇక ఫోను కుదరదని రదామెస్‌కి అర్థమైంది. నోటితో అనాల్సిందే. అనాల్సిన మాట కూడా అతనికి తెలుసు. షెడ్డులో పాత టీవీలకి అదే మాట చెప్పి చూసుకున్నాడు.

ఒకరోజు డిగ్నా కిటికీ దగ్గర భర్త చొక్కాకి గుండీ కుడుతోంది. పెర్సియో కళ్ళు తెరిచే ఉన్నాయి. రదామెస్ ముందుకి వంగాడు. "పెర్సియో, అమ్మ రేడియో గురించి నువ్వన్నది నిజమేరా" అన్నాడు. సరిగ్గా అప్పుడే కరెంటొచ్చి, వీధంతా ఒక్క గొంతుతో లైటొచ్చిందని అరిచింది. మా ఊళ్ళో చావింటి ముందు కూడా ఆ అరుపు ఆగదు. పక్కింట్లో పాట మొదలైంది, ఎదురింట్లో మిక్సీ, పైన పిల్లల గంతులు. ఆ మాట అన్నవాడికే వినబడలేదు.

పెర్సియో అన్న పెదవులవైపు చూశాడు. గొంతు గాలిలా ఉంది. "డిగ్నా, ఇంజినీరు గారేదో అన్నారు. ఏంటో అడుగు."

మళ్ళీ అనవచ్చు. అవే మాటలు. డిగ్నా సూది ఆపి ఎదురుచూసింది.

"లైటొచ్చిందన్నానని చెప్పమ్మా" అన్నాడు రదామెస్.

పెర్సియో "అదా" అని కళ్ళు మూసుకున్నాడు. విన్నాడో లేదో డిగ్నాకొక అభిప్రాయం ఉంది. ఎవరడిగినా చెప్పదు.

మర్నాడు తప్పకుండా చెబుదామనుకున్నాడు రదామెస్. మర్నాడు పొద్దున్నే పెర్సియో పోయాడు. ఆరోజు కరెంటు పోనేలేదు. యూపీఎస్ అవసరమే పడలేదు. గోడ కరెంటు మీద మిషను గుర్రుమంటూనే ఉంది, ఎవరికో గుర్తొచ్చి ఆపేదాకా.

తొమ్మిదో రోజు ప్రార్థన అయ్యాక రదామెస్ అందరికీ కాఫీ తనే పోశాడు. తర్వాత బ్లాగులో ఒకటి పెట్టాడు, బ్యాటరీలు ఎలా విడదీయాలో. అందులో ఒక తప్పు వదిలాడు, పెద్దదే, గుడ్డివాడికైనా కనబడేది. హోండురాస్ పంతులు చాలా ఉపయోగపడిందని మెచ్చుకున్నాడు. ఈక్వడార్ ఆయన ఒక పువ్వు బొమ్మ పెట్టాడు. రదామెస్ వారంపాటు చూసి, ఎవరైనా నిజంగానే చేతులు కాల్చుకుంటారని, ఆ తప్పు తనే దిద్దాడు.

మొన్న మూలకొట్టు ముందు ఈ కథంతా నేను రదామెస్ ఎదురుగానే చెబితే, డామినో బిళ్ళ వేస్తూ తలెత్తకుండా విన్నాడు.

"ఇందులో ఒక్క ముక్క నిజం లేదు" అన్నాడు. "ఆ రొయ్య ఎవడో హోండురాస్‌వాడు. మా తమ్ముడికి ఫోను నొక్కడమే రాదు. అయినా వాడికీ నాకూ మాటల్లేకపోవడమేంటి? రోజూ మాట్లాడుకునేవాళ్ళం. నీ వంతు, వెయ్యి."