గట్టు దాటిన బావురుపిల్లి

నీళ్ళలో చేపలు పట్టే బావురుపిల్లిని నేను చూశానని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. చెబితే ముందు ఫోటో ఏదని అడుగుతారు.

కృష్ణా నది సముద్రంలో కలిసే చోట, మడ అడవి పక్కన గట్టు మీద కాలిబాట ఉంది. ఆ ఉదయం అక్కడ ఒంటరిగా నడుస్తున్నాను. నా ముందు ఒకావిడ నెత్తిన చేపల బుట్టతో, రోడ్డు మీద ఆగి ఉన్న ఆటో అందుకోవాలని గబగబా వెళ్తోంది. ఉన్నట్టుండి ఆగి, వెనక్కి చూడకుండానే నన్ను ఆగమని చెయ్యెత్తింది.

ఒంటి నిండా మచ్చలున్న బూడిదరంగు అడవిపిల్లి, నోట పిల్లను కరుచుకుని గట్టెక్కింది. సముద్రపు పోటుకి కాలువ పొంగి మడచెట్ల వేళ్ళు మునిగిపోతున్నాయి. అది మా ముందే బాట దాటి, అవతలి పొదలో పిల్లను దించి, మళ్ళీ నీళ్ళలోకి దిగింది.

"ఇంకా ఉన్నట్టున్నాయి. కదలమాక పాపా," అందావిడ గుసగుసగా. "చేపలంటే పడిచచ్చేదా, నా బుట్ట వంకైనా చూళ్ళేదు."

ఆటో హారన్ కొట్టింది. ఎండెక్కితే చేపలు మెత్తబడతాయి, బేరం పోతుంది. అయినా ఆవిడ మెడ తిప్పలేదు. నా ఫోన్ సంచిలోనే ఉండిపోయింది. ఈసారి పిల్లి ఈదుకుంటూ వచ్చింది. నోట్లో ఉన్న రెండో పిల్లను తడవనివ్వకుండా తల పైకెత్తి పట్టుకుంది.

మూడో పిల్ల కూడా పొదలోకి చేరేసరికి ఆటో వెళ్ళిపోయింది.

"మీ ఆటో పోయిందండీ," అన్నాను.

ఆవిడ బుట్ట సర్దుకుంది.

"ఇంకోటి వస్తదిలేమ్మా. పిల్లి కోసం పోటు ఆగదు కదా."