ఇంకా మొలవని పన్ను

ఆ కుండలో బిడ్డ ఉందని మొదట చూసింది నేనే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. నాందేడ్ నుంచి ముద్ఖేడ్ పోయే దారి పక్కన ఒక మట్టిదిబ్బ మీద పురావస్తు తవ్వకాలు జరిగేవి. నేనూ, మా మరిది భార్యా రోజూ టెంపో ఎక్కి అక్కడికి పనికి పోయేవాళ్లం. పార పట్టేది మగవాళ్లు. బ్రష్షుతో మట్టి దులిపేది మేము. అంతకు ఏడాది ముందే, నలభై దాటాక, పెద్దల చదువు తరగతిలో అక్షరాలు నేర్చుకున్నాను. మా మహారాష్ట్ర వైపు చదువంటే మరాఠీ. అందుకని చేతికి వచ్చినవి మరాఠీ అక్షరాలు, నోట్లో ఉన్నది తెలుగు.

హైదరాబాద్ ప్రయోగశాల నుంచి ఒక మేడమ్ వచ్చింది. పాత ఎముకల్లో డీఎన్ఏ వెతకడం ఆమె పని. అదేమిటని అడిగాను.

"మనిషి ఒంట్లో అంతటా రాసి ఉండే రాత అక్కా. చచ్చిపోయాక మెల్లగా చెరిగిపోతుంది. ఆ చెరిగిన రాత చదవాలని నా ఆశ."

అక్షరం కొత్తగా వచ్చిన నాకు ఆ మాటకు ఒళ్లు ఝల్లుమంది. ఈ ఎండలకు మన నేలలో ఏదీ మిగలదని ఆమె గురువులే అన్నారట. ఏళ్ల తరబడి ఎన్ని ఎముకలు పొడి చేసి చూసినా ఒక్కటీ పలకలేదట. ఇక్కడ ఆమెకు దొరికిన అనుమతి ఆ ఒక్క ఎండాకాలానికే.

అందుకే నియమాలు గట్టిగా ఉండేవి. ఎముక కనబడితే చెయ్యి వెనక్కి తీసుకుని ఆమెను పిలవాలి. చేతికి తొడుగు, మూతికి గుడ్డ లేకుండా ముట్టకూడదు. దేన్ని ఎవరు ముట్టారో వహీలో, అంటే రాతపుస్తకంలో, రాయాలి. రాయడం వచ్చినదాన్నని ఆ వహీ నాకే ఇచ్చింది.

ఒక పొద్దున, వెనకటి కాలంవాళ్లు బిడ్డను పెట్టి పూడ్చిన కుండ పగులులోంచి చిన్న దవడ కనబడింది. కింది పాలపళ్లు రెండే, వాటి నిండా మట్టి. ఏం చేస్తున్నానో తెలిసేలోపే కొంగు కొస నోట్లో తడిపి, అన్నం తిన్న బిడ్డ మూతి తుడిచినట్టు ఆ పళ్లు తుడిచేశాను.

మరిది భార్య నోరు తెరిచింది. "ఏం జేసినవ్ అక్కా! ఉమ్మి పెట్టినవ్ గద!"

"బిడ్డ మూతికి మన్నుంటే తుడువద్దా?"

"గా బిడ్డకు ఎన్నడో తల్లున్నది. నీకేంది నడుమ? సప్పుడు చెయ్యకు. మేడమ్‌కు ఎర్కైతే రేపటి సంది నిన్ను టెంపో ఎక్కనియ్యరు."

నేను పిలిస్తే మేడమ్ పరుగున వచ్చి మోకాళ్ల మీద కూర్చుంది. "ఇంత శుభ్రమైన పళ్లు నాకెప్పుడూ దొరకలేదక్కా!" అని చప్పట్లు కొట్టింది. ఆ శుభ్రం నా ఉమ్మిది. నోటితో చెప్పలేక వహీ తెరిచాను. మరాఠీ అక్షరాల్లో తెలుగు వచ్చేసింది: కొంగు ఉమ్మితోని తడిపి పండ్లు తుడిచిన, తప్పయింది. అప్పటిదాకా పేర్లు రాయడం, చూసి రాయడమే తప్ప, నాది అన్న వాక్యం రాయడం అదే మొదలు.

మేడమ్ కూడబలుక్కుని చదివి, గుంట అంచున కూలబడింది. "ఉమ్మిలోనూ రాత ఉంటుందక్కా. ఇప్పుడు ఈ పళ్లను అడిగితే నీ రాతే చెబుతాయి," అంది. కోపం లేదు, గొంతులో జీవం లేదు. అదే నాకు భరించరానిదైంది. దవడ వైపే చూస్తూ కూర్చున్నాను. చూస్తూ ఉండగా తట్టింది.

"మేడమ్, రెండే లేచినయంటే బిడ్డకు ఏడాది నిండలే. పక్క పన్ను లోపల తయారై ఉంటది. ఇంక బయటికి రాలే గంతే. దాన్ని నేను ముట్టలే, ఎవ్వలు ముట్టలే."

ఆమె తలెత్తి నన్ను చూసింది. గబగబా తొడుగులు వేసుకుని టార్చి వెలుగు దవడ మీద పెట్టింది. ఎముక చీలికలో, లోతుగా, గింజంత తెలుపు.

"ఉంది! ఉందక్కా!"

ఆ అరుపుకు మగవాళ్లు పారలు వదిలి వచ్చారు. "బంగారం దొర్కిందనుకున్న," అంది మరిది భార్య.

దవడను విడిగా కట్టి పెట్టాక, దూది చుట్టిన పుల్లతో నా బుగ్గ లోపల రుద్దింది మేడమ్. "నీ రాత ఎట్లా ఉంటుందో తెలిస్తేనే కదా, దాన్ని పక్కన పెట్టగలను." మర్నాడు టెంపో ఎక్కాను. వహీ కూడా నా దగ్గరే ఉంది.

వానలు తగ్గాక నాకు ఉత్తరం వచ్చింది. నా పేరు మీద వచ్చిన మొదటి ఉత్తరం అది. నా కోసం ఆమె కూడా మరాఠీ అక్షరాల్లో తెలుగు రాసింది. గుమ్మంలో నిలబడి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదివాను: తుడిచిన పన్నులో దొరికిందంతా నువ్వే. మొలవని పన్ను పలికింది అక్కా, కొంచెమే, కానీ పలికింది. ఆడపిల్ల. మళ్లీ చేసి, నీ రాతతో పోల్చి చూశాను, అది ఆ బిడ్డ రాతే. అందులో నువ్వు ఎక్కడా లేవు.

"నువ్వు లేవంటే గింత సంబురమేంది?" అంది మరిది భార్య.

నేనప్పటికే ఆ చివరి మాట కింద వేలు పెట్టి, దాన్నే మళ్లీ మొదటి అక్షరం నుంచి చదువుతున్నాను.