వద్దన్నోళ్లను ఎందుకని అడగరాదు

సారు పోయినారని మా గ్రూపులో మెసేజి వచ్చింది. వెంటనే ఒకడు, ఎవరు చెప్పినారు, నువ్వు కళ్లారా చూసినావా అని అడిగినాడు. ఇంకొకామె, రూఢి అయ్యేదాకా ఎవరూ సంతాపం పెట్టొద్దు అనింది. చావు కబురుక్కూడా ఆధారం అడిగే శిష్యుల్ని తయారుచేసిపెట్టింది ఆయనే. కడాకు సారు కూతురు ‘నిజమే, నాన్న లేరు’ అని పెట్టినాకనే ఏడ్చినాము.

తిరువళ్లూరు పక్కన మా పరిశోధన సంస్థలో కొత్తగా చేరినోళ్లకు నీతి పాఠం చెప్పేది సారే. మనుషుల మీద పరిశోధన చెయ్యాలంటే ముందు వాళ్ల సమ్మతి ఎట్ల అడగాలో నేర్పేవారు. ఆయన సరే అంటేగానీ మేము ఊళ్లలోకి పోయేదానికి లేదు. పాఠమంటే పుస్తకం కాదు. తువ్వాలు తలకు కప్పుకొని, ఆర్.కె.పేట పక్క పల్లెలో అవ్వ మాదిరి కూర్చునేవారు. మేము పోయి పరిశోధనకు నెత్తురు ఇమ్మని అడగాల.

నా వంతు వచ్చింది. ఇంగ్లీషులో చదివిందంతా తెలుగులో చెప్పలేక, సగం అరవం కలిపి, చెమటలు కక్కుకుంటా చెప్పినాను. అవ్వ అంతా విని ‘కానీ...’ అనింది. నేను సంబరంగా సంతకానికి కాయితం ముందుకు తోసినాను.

సారు తువ్వాలు తీసి పక్కన పడేసినారు. “కానీ అంటే కానిమ్మనా, కానీ నాకు భయం అనా? మిగతా మాట యాడ విన్నావు నువ్వు?”

ఆ ఒక్క ‘కానీ’ మీద నన్ను శానా దినాలు ఫెయిలు చేసినారు.

దానికన్నా కష్టమైంది ఇంకోటుంది. మేమంతా బాగా చెప్పినాక అవ్వ ‘వద్దు తల్లీ’ అనేది. అప్పుడు సారు మా మొగం చూసేవారు. మొగం వాడిందా, మళ్లీ మొదటికి. ఎందుకవ్వా అని అడిగితే ఇంక తిట్లే. “వద్దన్నోళ్లను ఎందుకని అడిగితే అది సగం బలవంతం” అనేవారు. నేను ఇంట్లో అద్దం ముందర నిలబడి, ‘వద్దు’ అని నాకు నేనే చెప్పుకొని నవ్వేది నేర్చుకుంటా ఉంటే, ఎవరే ఆ పిల్లోడు అని మా అమ్మ నిలదీసింది.

పోయినేడు సారుకు చేతులు వణికే జబ్బు వచ్చింది. నా పరిశోధన ఆ జబ్బు మీదనే. దాంట్లో చేరే మనుషులు దొరక్క పని ఆగిపోయేట్టుండి నేను అల్లాడుతా ఉన్నాను. తిరుత్తణిలో ఆయనింటికి పోయినాను. దాంట్లో చేరతారా సార్ అని, ఆయన నేర్పినట్టే నిదానంగా అంతా చెప్పినాను. ఆయన ‘కానీ’ అన్నప్పుడల్లా నోరు మూసుకొని మిగతా మాట విన్నాను. అంతా అయినాక సారు అన్నారు, “బాగా చెప్పినావమ్మా. నాకొద్దు.”

పెట్టుకున్న ఆశ పోయింది. కోపం కూడా వచ్చింది, దాచుకునేదేముంది. ఎందుకు సార్ అనే మాట నాలిక కొసదాకా వచ్చింది. దాన్ని మింగేసి, పరవాలేదు సార్ అని నవ్వినాను. ఆయన నా మొగంలోకి చూసినారు. కాఫీ తాగి పొమ్మన్నారు.

భయపడినారో, ఇష్టమే లేదో, నాకు ఆఖరి పరీక్ష పెట్టినారో. ఇప్పుడు అడుగుదామంటే మనిషి లేరు. ఉన్నా అడగరాదు. భలే ఇరికించిపోయినారు సారు.

ఆ దినం కాఫీ తాగి వస్తా, వీధి మలుపులో తిరిగి చూస్తే వాకిట్లో నిలబడి ఉన్నారు. చెయ్యి ఊగతా ఉంది. నాకు టాటా చెప్తా ఉన్నారో, జబ్బుకు ఊగతా ఉందో తెలీలేదు. నేనూ ఊపినాను.