కాకుల్ని తోలే పాఠం

“అక్కా, ఈ రోజు నా పాటమేటి?”

“ఎండుసేపల కాడ కాకుల్ని తోలు. నానొచ్చాక నీకు ‘అ’ దిద్దిస్తాను.”

కామెర్లతో శ్రీకాకుళం ఆసుపత్రికి బండెక్కుతూ అక్క నాతో అన్న ఆఖరి మాటలివి. మా కోడలు ఇద్దరు పిల్లలకీ వయసుకు తగ్గ పుస్తకాలు పరిచి ఇంట్లోనే చదివిస్తుంటే గుర్తొచ్చాయి. అమ్మానాన్న చేపల పనికి పోతే మా ఇంట్లో అక్కే పంతులమ్మ. పెద్దన్నకు ఎక్కాలు, చిన్నన్నకు గుణింతాలు, నాకు కాకులు. అక్క శవమై వచ్చిన రోజు కూడా నేను కర్ర వదల్లేదు, పాఠం మధ్యలో లేస్తే తిడుతుందని. మా ఆయన పోయినప్పుడు పింఛను కాగితం మీద వేలిముద్రే వేశాను.

“కోడలా, నాను సెప్పిందంతా రాసినావా? ఓపాలి సదివి ఇనిపించు. ‘అక్క’ కాడ ఆగి, నా ఏలట్టుకుని దాని మీద ఎట్టు.”