బాపు పిక్కలో బత్తి

అరవై తొమ్మిదిలో, మొయినాబాద్‌లోని మా కిరాణా దుకాణంలో టీపొడి పెట్టె దింపుతుంటే దాని మేకు బాపు పిక్కలో దిగింది. వారం తిరిగేసరికి నిమ్మకాయంత గడ్డ లేచింది. చేవెళ్లలో ఒక ముసలి కాంపౌండర్ ఉండేవాడు. ఆయన గడ్డ కోసి, చీము తీసి, ఆ రంధ్రంలోకి సన్నటి గుడ్డపేలిక దించాడు. దాన్ని బత్తి అన్నాడు. దీపంలో బత్తి నూనెను పైకి లాగినట్టే ఇది లోపలి చీమును బయటికి లాగుతుందట.

"రోజు మార్చాలె. రేపటి సంది బస్సులు నడుస్తయో లేదో, నువ్వే పెట్టు. వదులుగ పెట్టి కొస బయట ఉంచు, గట్టిగ కుక్కొద్దు," అని నాకు పేలికలు కత్తిరించి ఇచ్చాడు.

నా చూపంతా పేలికల పొడవు మీదే ఉంది.

"గింతేనా అన్నా? గంత దూరం నుంచి వచ్చినం. ఇంకో మూర వెయ్యి."

"గిదేమన్న రవికె గుడ్డనా, కొసరనీకి?"

అయినా రెండు మూరలు ఎక్కువే రాబట్టాను. తిరుగు బస్సులో బాపు మూలుగుతుంటే నేను నా కొసరు చూసుకుని మురిశాను.

మర్నాడు తెలంగాణ బంద్. రోడ్డు మీద ఒక్క బస్సు లేదు. పాత బత్తి తీసి కొత్తది నేనే పెట్టాను. గుడ్డ ఎంత ఎక్కువైతే చీము అంత ఎక్కువ లాగుతుందనుకుని, పట్టినంత మేర వేలితో అదిమాను.

"ఓరి, సంచిల పప్పు గుద్దినట్టు గుద్దుతున్నవేందిరా!"

"జర ఓర్చుకో బాపు."

తెలియక చేశానని చెప్పుకోలేను. దుకాణంలో దీపాల బత్తులు అమ్మేది నేనే. దీపం సరిగా మండట్లేదని ఎంకపల్లి నుంచి వచ్చిన ముసలమ్మకు, "బత్తి బిగుసుకున్నదవ్వా, నూనె ఎక్కుతలేదు, వదులు చెయ్యి," అని బోధించిన పెద్దమనిషినీ నేనే.

రాత్రికి రాత్రే తడిసి ముద్దయిన కట్టు ఆ రోజంతా పొడిగా ఉంది. తగ్గిపోతోందని సంబరపడ్డాను. పొడి బత్తిని మార్చడం దండగని రెండో రోజు ముట్టుకోలేదు. మూడో రోజు బాపుకు చలిజ్వరం వచ్చింది. మోకాలి దాకా కాలు నల్లబడి వాచింది. బంద్ ఇంకా విడవలేదు. ఎడ్లబండి కట్టించి చేవెళ్లకు తీసుకుపోయాను. కిరాయి ఎంతని కూడా అడగలేదు.

కాంపౌండర్ చిమటాతో బత్తి కొస కోసం వెతికాడు. బయట కొస లేదు. లోపలికి పోనిచ్చి లాగితే గుడ్డ వస్తూనే ఉంది, దాని వెనకే చీము చిమ్మింది.

"నేను బత్తి పెట్టమంటే బిరడా కొట్టిండ్రు. ఎవరు కుక్కిండ్రు గిట్ల?"

"నేనే," అన్నాడు బాపు కళ్లు మూసుకుని. "జల్ది తగ్గుతదని నేనే కుక్కుకున్న. పోరడు వద్దనే అన్నడు."

అణా కోసం అరగంట వాదించేవాణ్ణి. అక్కడ నోరు మెదపలేదు.

పట్నం దవాఖానలో మోకాలి పైదాకా కాలు తీసేశారు. చక్కెర జబ్బు కూడా ఉందని డాక్టరు చెప్పినప్పుడు నాకు కాస్త ఊపిరి ఆడింది. తప్పులో వాటాదారు దొరికాడన్నమాట.

ఆ తర్వాత బాపు గల్లా పక్కన స్టూలు మీదే ఉండిపోయాడు. కాలు సంగతి అడిగిన ప్రతి గిరాకికీ తన తొందరపాటే అని చెప్పేవాడు. నేను తక్కెడ పట్టుకుని వినేవాణ్ణి. ఆయన పోయేదాకా ఒక్కసారి కూడా కాదనలేదు.