సత్యానందం మాస్టారు పంటితో విన్న మాట

ఎవరైనా దెయ్యాలు, ఆత్మలు అంటూ మొదలుపెడితే లేచి పక్కగదిలోకి వెళ్ళిపోయే మనిషిని నేను. భయంతో కాదు, విసుగుతో. అమలాపురంలో పళ్ళ డాక్టరుగా పనిచేస్తున్నాను. రోజూ చూసేది పళ్ళు, చిగుళ్ళు, ఎక్స్‌రేలు. కంటికి కనబడనిదాన్ని నమ్మే అలవాటు నాకెప్పుడూ లేదు. ఇది చదివి ఎవరైనా నవ్వినా నేనేమీ అనుకోను. రెండేళ్ళ క్రితమైతే నేనూ నవ్వేదాన్నే.

ఆ రోజు ఉదయం పదకొండు దాటింది. ముక్తేశ్వరం నుంచి సత్యానందం మాస్టారు వచ్చారు. రిటైరైన లెక్కల మాస్టారు. వెంట ఆయన కూతురు సుగుణ ఉంది. ఆవిడా టీచరే. మాస్టారికి ఎనిమిదేళ్ళ క్రితం మెదడువాపు జ్వరం వచ్చి, ప్రాణం దక్కింది గానీ రెండు చెవులూ పూర్తిగా పోయాయి. వినికిడి మిషన్లు పెట్టి చూశారట, లాభం లేకపోయింది. ఎవరేం చెప్పాలన్నా కాగితం మీద రాసి చూపించాలి. ఆయన మాత్రం మాట్లాడతారు. తన గొంతు తనకు వినబడదు కాబట్టి కొంచెం గట్టిగానే మాట్లాడతారు.

కింది పళ్ళ వెనక గార బాగా పేరుకుపోయింది. క్లీనింగ్ చెయ్యాలని రాసి చూపించాను. నొప్పి వస్తే ఎడమ చెయ్యి ఎత్తమని కూడా రాశాను. తలూపారు. సుగుణ బయట కూర్చుంది. లోపల నేను, మా క్లినిక్‌లో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్న నర్సు లక్ష్మిగారు, మాస్టారు. అంతే.

మేము గార తీసే మిషన్ సంగతి కొంచెం చెప్పాలి. దాన్ని స్కేలర్ అంటాం. దాని మొన అల్ట్రాసౌండ్ వేగంతో, అంటే సెకనుకు పాతిక వేలసార్లకు పైగా అదురుతుంది. ఆ అదురుకే గార పెచ్చులుగా ఊడి వస్తుంది. మనకు వినబడే సన్నని రొద నీళ్ళ చప్పుడుతో కలిసిన వేరే శబ్దం. అసలు అదురు మనిషి చెవికి అందదు. అయితే పంటి నుంచి దవడ ఎముకకు, అక్కణ్ణించి లోపలి చెవికి అది చేరగలదని, చెవులు పోయినవాళ్ళలో కూడా కొందరికి ఏదో వినబడినట్టుంటుందని తర్వాత చదివాను. ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు. ఏదైనా, వినబడేది శబ్దమే. మాటలు వినబడతాయని ఎవరూ రాయలేదు.

కింది ముందు పళ్ళ దగ్గర మొదలుపెట్టాను. ఒక నిమిషం అయిందేమో, మాస్టారు చెయ్యెత్తారు. మిషన్ నడిపే పెడల్ మీంచి కాలు తీసేసి, మొన బయటకు తీశాను.

“ఆపకండి. మాట మధ్యలో ఆగిపోయిందండి,” అన్నారు.

చెవుల్లో మోత అలా అనిపించి ఉంటుందనుకున్నాను. మళ్ళీ అదే పన్ను మీద పెట్టాను. ఆయన కళ్ళు మూసుకున్నారు. నొసలు ముడిచి, క్లాసులో వెనక బెంచీ నుంచి వచ్చే జవాబు వింటున్నట్టు ముఖం పెట్టారు. కాసేపటికి మళ్ళీ చెయ్యెత్తారు.

“గవ్వ ఎవరండీ?” అని అడిగారు.

నేను కాగితం అందుకోబోయాను. ఆయన ఆగలేదు.

“ఎవరో ఆడమనిషండి. పెద్దావిడ. గవ్వా, గవ్వా అని పిలుస్తున్నారు. ఎడం డొక్క చూపించుకోవే, ఆలస్యం చెయ్యకు అంటున్నారండి. రెండుసార్లు చెప్పేరు.”

గవ్వ అంటే నేనే.

మా దొడ్డమ్మ, అంటే అమ్మకు అక్క, నన్ను పెంచింది. చిన్నప్పుడు నా ముందు పళ్ళు గవ్వల్లా ఉండేవని ఆవిడ ఒక్కతే నన్ను అలా పిలిచేది. బయట ఎవరి ముందూ పిలిచేది కాదు. మా ఆయనకు కూడా ఆ పేరు తెలియదు. దొడ్డమ్మ పోయి అప్పటికి ఏడేళ్ళు.

నేను పని ఆపలేదు. పై పళ్ళు కూడా పూర్తి చేశాను. ఆయన మళ్ళీ చెయ్యెత్తలేదు. పుక్కిలించాక కాగితం మీద, “ఇంకేమైనా చెప్పారా?” అని రాశాను. లేదన్నారు. “ఆ గొంతు మీకు తెలిసినవాళ్ళదా?” అని రాశాను. కాదన్నారు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. అందులో నా ప్రశ్నలే ఉన్నాయి, జవాబులు లేవు. కాబట్టి అది సాక్ష్యం కిందకి రాదని నాకు తెలుసు.

బయట సుగుణకు చెబితే ఆవిడ నొచ్చుకుంది. “ఏమీ అనుకోకండి మేడమ్. నాన్నగారికి అప్పుడప్పుడు చెవుల్లో హోరండి. మాటలన్నది మాత్రం ఇదే మొదలు,” అంది. మాస్టారు ఎప్పుడైనా కొత్తపేట వైపు పనిచేశారా అని అడిగాను. మా దొడ్డమ్మ ఉండేది అటే. “లేదండి, సర్వీసంతా ఐనవిల్లి, ముక్తేశ్వరమేనండి,” అంది. ఏ పెళ్ళిలోనో, ఏ బస్సులోనో ఆయన ఆ పేరు విని ఉండే అవకాశం ఉందా? ఉండొచ్చు. కానీ అది నా పేరని ఎలా తెలుస్తుంది?

వాళ్ళు వెళ్ళాక లక్ష్మిగారు పనిముట్లు కడుగుతూ, “ఏటండీ ఆయన అలాగన్నారు?” అంది. ఆవిడ కూడా విన్నదని అప్పుడు నమ్మకం కుదిరింది.

పదకొండు రోజులు ఊరుకున్నాను. నాకు నొప్పి లేదు, జ్వరం లేదు, ఏ ఇబ్బందీ లేదు. ఒక చెవిటి ముసలాయన మాట పట్టుకుని పరీక్షకు వెళ్ళడం సిగ్గనిపించింది. పన్నెండో రోజున వెళ్ళాను. నమ్మి కాదు, ఆ మాట నా బుర్రలోంచి పోతుందని.

స్కానింగ్ చేసిన డాక్టరు నాకు పరిచయస్తురాలే. జెల్ రాసి, ప్రోబ్ ఆనించి, తన కొడుకు ఇంజనీరింగ్ సీటు గురించి చెబుతోంది. కుడివైపు అయిపోయింది. ఎడమవైపు తిరగమంది. తిరిగాను. సీటు కబురు సగంలో ఆగిపోయింది. ప్రోబ్‌తో అక్కడే మళ్ళీ మళ్ళీ చూసింది.

“మిమ్మల్ని చూపించుకోమని ఎవరు చెప్పేరండి?” అని అడిగింది.

ఎడమ కిడ్నీలో చిన్న గడ్డ. బఠాణీ గింజకన్నా కొంచెం పెద్దది. కాకినాడలో సీటీ స్కాన్ తీయించి, ఆపరేషన్ చేసి ఆ ముక్క వరకే తీశారు. కిడ్నీ దక్కింది. పరీక్షకు పంపితే క్యాన్సరే అని వచ్చింది, మొదటి దశ. సర్జన్ గారు, “ఇది నొప్పి పెట్టేదాకా ఆగి ఉంటే మనం వేరే సంగతి మాట్లాడుకోవలసి వచ్చేదమ్మా,” అన్నారు. మామూలు చెకప్‌లో బయటపడిందని ఆయనకు అబద్ధం చెప్పాను. ఇప్పటివరకు తర్వాతి స్కానింగులన్నీ బాగానే ఉన్నాయి.

ఆపరేషన్ అయ్యి తిరిగి పనిలో చేరాక సుగుణకు ఫోన్ చేసి, మాస్టారికి మళ్ళీ క్లీనింగ్ చెయ్యాలన్నాను. నిజానికి అంత అవసరం లేదు. అదే కుర్చీ, అదే మిషన్. అదే పన్ను మీద అవసరమైనదానికన్నా ఎక్కువసేపే మొన ఆనించాను. ఆయన చెయ్యెప్పుడు ఎత్తుతారా అని దానివైపే చూస్తున్నాను. ఎత్తలేదు.

“ఏమైనా వినిపించిందా?” అని రాసి చూపించాను.

“లేదండి. ఇవాళ ఏమీ లేదు.”

అప్పుడు జరిగిందంతా రాశాను. గవ్వ ఎవరో, దొడ్డమ్మ ఎవరో, స్కానింగ్, ఆపరేషన్. కాగితం రెండువైపులా నిండింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, పరీక్ష పేపరు దిద్దుతున్నట్టు నెమ్మదిగా రెండుసార్లు చదివారు. మడిచి జేబులో పెట్టుకున్నారు.

“ఎనిమిదేళ్ళలో నేను విన్నవి ఆ నాలుగు మాటలేనండి. అవీ నావి కావన్నమాట,” అన్నారు. కళ్ళజోడు తీసి, “అయినా బాగుందండి,” అన్నారు.

ఆయన చెవికి అవి ఎలా చేరాయో, నాకే నేరుగా ఎందుకు చేరలేదో నేను చెప్పలేను. మాస్టారు కూడా నన్ను అడగలేదు. కుర్చీ దిగి, చెప్పులు వేసుకుని, “ఆయ్, వెళ్ళొస్తానండి,” అని ఎప్పటిలాగే గట్టిగా చెప్పి వెళ్ళిపోయారు.