ఆరు రొట్టెలు

నిన్న పంజాగుట్టలో డాక్టరమ్మ నా రక్తపరీక్ష కాగితం చూసి, షుగర్ సరిహద్దులో ఉంది, అన్నం తగ్గించి రొట్టె తినండి అనగానే నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. ముప్పై అయిదేళ్లకే జ్ఞాపకాలు రాసుకోవడం కొంచెం అతి అని తెలుసు గానీ, నాకు మొదటి ఉద్యోగం ఇప్పించింది రొట్టే.

అప్పట్లో యూసుఫ్‌గూడలో ముగ్గురం పంచుకున్న గదిలో ఉంటూ, అమీర్‌పేట కోచింగ్ సెంటర్లన్నిటా బయాలజీ డెమో క్లాసులు చెప్పి వరుసగా ఫెయిలవుతూ, ఆఖరికి ఒక మూడో అంతస్తు గదికి చేరాను. అదీ పోతే మర్నాటి నుంచి బేగంపేటలో మా మేనమామ టైర్ల షాపులో కూర్చోవాలని ఇంట్లో తీర్మానమైపోయింది. పాఠం జీర్ణక్రియ. సెంటరు యజమాని సారు చేతులు కట్టుకుని వెనక బెంచీలో కూర్చున్నారు.

సుద్దముక్కను నమ్ముకుంటే టైర్లే గతి అనిపించి, కర్రీ పాయింటులో కొన్న పుల్కాలు తుంచి, సారుతో సహా అందరికీ పంచి, మింగకుండా నమలమన్నాను. రెండు నిమిషాలు పశువులకొట్టంలో నిలబడినట్టుంది. తియ్యగా అవుతోందని పిల్లలన్నారు. అది లాలాజలంలోని ఎంజైము పని అని, పిండిపదార్థం చక్కెరగా విడిపోవడం నోట్లోనే మొదలై చిన్నపేగులో పూర్తవుతుందని, ఆ గ్లూకోజు పేగు గోడ దాటి రక్తంలోకి పోతుందని గర్వంగా చెప్పాను.

సారు లేచి నిలబడ్డారు.

"ఆగు తమ్మీ. నాకు షుగరుంది. మధ్యాహ్నం అన్నం బంద్ చేసి రొట్టెలే తింటున్న. గిది సుత చక్కెరేనా?"

"చక్కెరే అయితది సార్, జర నిదానంగ. ఎన్ని తింటరు?"

"ఆరు."

క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం టైర్ల వాసన వచ్చింది. సారు నోట్లో ముక్కను మింగాలో ఉమ్మాలో తేలక కాసేపు నిలబడి, చివరికి మింగేశారు.

"మా ఇంటామె గిదే ముచ్చట యాడాది సంది మొత్తుకుంటుంది, నా దిమాగ్‌కు ఎక్కలే. రేపు పొద్దుగాల తొమ్మిదింటికి వచ్చెయ్."

భార్య మాటే నిజమని ఇంట్లో ఒప్పుకోవడం ఇష్టంలేక, సారు రోజూ ఆరు రొట్టెలూ తెచ్చుకుని, రెండు తిని నాలుగు నాకిచ్చేవారు. రెండు క్లాసుల మధ్య వాటిని నమలకుండానే మింగుతూ చాలా ఏళ్లు పాఠం చెప్పాను.

ఇప్పుడా గదిలో కంప్యూటరు కోర్సులు నడుస్తున్నాయి, జీర్ణక్రియ ఫోనులో రంగుల బొమ్మలుగా వస్తోంది. చూడ్డానికి బాగుంటుంది గానీ తియ్యగా ఉండదు. ఇప్పుడు రొట్టెలు ఎన్ని తింటున్నారని నిన్న డాక్టరమ్మ అడిగింది. ఆరు అన్నాను. నవ్వడానికి వెనక క్లాసు లేదు.